చుట్టాలిల్లా, రూమా, సత్రమా? విదేశంలో వాలంటీర్ ఏడాదికి బస ఎంచుకోవడం

జర్మనీలో వాలంటీర్‌గా ఒక ఏడాది పనిచేయడానికి దరఖాస్తు నింపుతుంటే పేరు, చదువు, భాషా స్థాయి అన్నీ సాఫీగా సాగిపోతాయి. చివర్లో ఒక చిన్న ప్రశ్న ఉంటుంది. ఎక్కడ ఉంటారు? కుటుంబంతోనా, షేరింగ్ ఫ్లాట్‌లోనా, సంస్థ ఇచ్చే గదిలోనా? తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటి హాల్లో కూర్చుని నేను ఆ ప్రశ్న గురించి అర నిమిషం కూడా ఆలోచించలేదు. ‘ఏదైనా పర్వాలేదు’ అని టిక్కు పెట్టేసి, వీసా గురించి టెన్షన్ పడే పనిలో పడిపోయాను.

ఇప్పుడు మా ఊరి నుంచో చిత్తూరు నుంచో వెళ్లాలనుకునేవాళ్లు ఫోన్ చేసి, ఏ ఊరు మంచిది, ఏ పని తేలిక అని అడుగుతుంటారు. నేను మాత్రం ముందు, రాత్రి పూట ఎవరితో కూర్చుని తినబోతున్నావని అడుగుతాను. పని ఎక్కడైనా వారానికి 39 గంటల దాకా ఉంటుంది. మిగిలిన గంటలు ఎలా గడుస్తాయో తేల్చేది బస.

బసల గురించి తిరుపతి వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? కొండకు వచ్చిన చుట్టాలు మనింట్లో దిగుతారు, కుర్రాళ్లు రూమ్ తీసుకుంటారు, గుంపుగా వచ్చినవాళ్లు సత్రానికి పోతారు. అక్కడా ఉన్నవి ఈ మూడే. అందుకే ఇక్కడ కూడా వాటిని చుట్టాలిల్లు, రూమ్, సత్రం అనే పిలుస్తాను. తేడా ఒక్కటే, అక్కడ చుట్టం మనమే.

ముందు పథకం సంగతి రెండు ముక్కల్లో. జర్మనీలో సామాజిక సేవా సంవత్సరానికి 1964 నుంచే చట్టం ఉంది. ఎఫ్‌ఎస్‌జె అంటారు, 27 ఏళ్లు నిండనివాళ్లకే. 2011లో నిర్బంధ సైనిక సేవను నిలిపేసినప్పుడు, దానికి బదులు చేసే పౌరసేవ కూడా ఆగిపోయింది. ఆ ఖాళీలో బీఎఫ్‌డీ (కేంద్ర ప్రభుత్వ స్వచ్ఛంద సేవ) అనే రెండో పథకం మొదలుపెట్టారు. దీనికి గరిష్ఠ వయసు లేదు. రెండిట్లోనూ పాకెట్ మనీ ఇస్తారు, ఆరోగ్య బీమా కడతారు. బస, భోజనం కొన్ని సంస్థలు నేరుగా ఇస్తాయి, కొన్ని వాటికి బదులు కొంత డబ్బు ఇస్తాయి. ఏడాదికి వెళ్తే 25 రోజులు సెమినార్లు. జీతం ఉండదు. ఇంటికి డబ్బు పంపాలనే లెక్కతో వెళ్లేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ఏం చూసి ఎంచుకోవాలి

నా లెక్కలో మొదటిది భోజనం బల్ల. పనిచేసే చోట మాట్లాడే జర్మన్ ‘మంచం పైకెత్తు, మందులు ఇచ్చావా’ దగ్గర ఆగిపోతుంది. కబుర్ల భాష బల్ల దగ్గరే వస్తుంది. రెండోది పొయ్యి ఎవరి చేతిలో ఉందన్నది. మనకు ఇష్టమైన వేళ తాలింపు పెట్టుకోగలమా లేదా అన్నది మొదటి వారం చిన్న విషయంలా కనిపిస్తుంది. నవంబర్‌లో సాయంత్రం ఐదింటికే చీకటి పడ్డాక అదే పెద్ద విషయం. మూడోది కాగితాలు, డబ్బు. నాలుగోది డ్యూటీ. వృద్ధాశ్రమాల్లో పొద్దుటి షిఫ్టు ఆరింటికే మొదలవుతుంది, ఆదివారం కూడా ఉంటుంది, కానీ ఆదివారం బస్సులు తక్కువ. ఐదోది తలుపు. మూసుకుంటే ఎవరూ ఏమీ అనుకోని తలుపు ఒకటి ఉండాలి.

భద్రత గురించి అమ్మానాన్నలు వేసే ప్రశ్నలు వేరు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

చుట్టాలిల్లు: హోస్ట్ కుటుంబం

కుటుంబాల్లో ఉంచే పద్ధతికి పాత చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1949లో జర్మన్ యువతను అమెరికాకు తీసుకెళ్లి అక్కడి కుటుంబాల మధ్య ఉంచారు. నిన్నటి శత్రువుల పిల్లలన్నమాట. ఈరోజు ఐసీవైఈ అని పిలిచే యువత మార్పిడి సంస్థ మొదలైంది అలాగే.

నేను మొదటి మూడు నెలలు కొలోన్ దగ్గర ఒక చిన్న ఊళ్లో, భార్యాభర్తలు, పదేళ్ల పాప ఉన్న ఇంట్లో ఉన్నాను. మొదటి రోజు సాయంత్రం ఆరున్నరకే భోజనానికి పిలిచారు. బల్ల మీద చెక్క పలకలు, వాటి మీద నల్లటి రొట్టె ముక్కలు, చీజ్, దోసకాయ చక్రాలు, వెన్న. ఇది మొదట తినేదేమో, అసలు భోజనం తర్వాత వస్తుందేమో అని రెండే ముక్కలు తిని ఆగాను. ఏడింటికి బల్ల తుడిచేశారు. వాళ్లకు రాత్రి భోజనమంటే అదే, పేరే ‘ఆబెండ్‌బ్రోట్’, సాయంత్రపు రొట్టె. వేడిగా వండేది మధ్యాహ్నానికి. అప్పటికి మన ఊళ్లో రాత్రి పదిన్నర, అమ్మ ఫోన్.

“ఏం తింటివి?”

“రొట్టె.”

“రొట్టె సరే, అన్నం ఎప్పుడు తింటావు?”

దానికి నా దగ్గర జవాబు లేదు. రెండో వారంలో ఇంటావిడ తనే అడిగింది, శనివారం నువ్వు వండుతావా అని. చెనిక్కాయలు వేయించి ఊరిబిండి చేశాను. ఎండుమిరపకాయలు నూనెలో పడగానే హాల్లో పొగ అలారం మోగింది. అక్కడ ప్రతి ఇంటికీ ఆ అలారం తప్పనిసరి. పాప టవల్ ఊపుతూ పరిగెత్తింది, ఇంటాయన కిటికీలన్నీ బార్లా తెరిచాడు. ఆ తర్వాత ప్రతి శనివారం పాపే ముందు వెళ్లి కిటికీలు తెరిచేది.

కుటుంబం ఇచ్చేది ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఒక ఫోటో వల్ల. మేం ఊళ్లోనే ఉన్నా మొక్కు మొక్కే. తమ్ముడి ఉద్యోగం మొక్కు తీర్చడానికి నాన్న, అమ్మ, తమ్ముడు ముగ్గురూ తలనీలాలు ఇచ్చిన రోజు తీసుకున్న ఫోటో నా ఫోన్లో ఉంది. బల్ల దగ్గర చూపించాను. ఇంటావిడ చాలాసేపు చూసింది. నవ్వలేదు. ఫోన్ మెల్లగా నా వైపు జరిపి, గొంతు తగ్గించి, ఇంట్లో ఇప్పుడు అందరికీ ఒంట్లో బాగుందా అని అడిగింది. గుండు అనగానే ఆమెకు గుర్తొచ్చింది కేన్సర్ చికిత్స. మన దగ్గర గుండు చూస్తే ‘కొండకు పోయొచ్చారా’ అంటాం. నాకు తెలిసిన రెండొందల జర్మన్ మాటలతో మొక్కు అంటే ఏమిటో, దేవుడికి జుట్టెందుకో చెప్పడానికి గంట పట్టింది. ఆ గంటలో నేర్చుకున్నంత భాష ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. ఆ గంట రూమ్‌లో దొరకదు, సత్రంలో అసలే దొరకదు.

అయితే ఒక తిరకాసు ఉంది. ఇంట్లో అందరూ ‘డూ’ అనే పిలుచుకుంటారు, అంటే మన ‘నువ్వు’. యాభై ఏళ్ల ఆవిడను పేరు పెట్టి పిలవడానికే నాకు నెల పట్టింది, అక్కా ఆంటీ అనే సౌకర్యం అక్కడ లేదు. తీరా అలవాటయ్యాక నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఎనభై ఏళ్ల పెద్దాయనను కూడా ‘డూ’ అనేశాను. ఆయన ఏమీ అనలేదు గానీ, షిఫ్టు ఇన్‌ఛార్జి పక్కకు పిలిచి చెప్పింది, ఇక్కడ ‘జీ’ అనాలి, ఇంటిపేరుతో పిలవాలి అని. ‘మీరు’ నేర్పేది పనిచేసే చోటే.

ఇంకో సంగతి, ఇంట్లో ఉంటే వాళ్ల లయ మనది కావాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు. ఆలస్యమైతే ముందే చెప్పాలి. చెత్తలో కాగితం, ప్యాకింగ్, తిండి వ్యర్థాలు, మిగతావి వేరువేరు. మనకు ఒంట్లో బాగా లేకపోయినా, ఇంటి మీద బెంగగా ఉన్నా, బల్ల దగ్గర ముఖం చూపించాల్సిందే. అమ్మతో తెలుగులో ఏడవాలంటే పార్కుకు పోయేదాన్ని.

రూమ్: షేరింగ్ ఫ్లాట్

నాలుగో నెలలో ఫ్లాట్‌కు మారాను. ముగ్గురం, ఒక వంటగది, ఫ్రిజ్‌లో తలా ఒక అర. గోడకు శుభ్రం చేసే వంతుల చార్టు. నా అరలో పెరుగు, కొత్తిమీర, అల్లం. మసాలాలు డబ్బాల్లో బిగించి నా గదిలో. రాత్రి తొమ్మిదింటికి అన్నం వండుకుంటే అడిగేవాళ్లు లేరు. రాగిపిండి కోసం నెలకోసారి కొలోన్‌లో ఇండియన్ షాపుకు వెళ్లేదాన్ని. అదీ వారం మధ్యలోనో శనివారమో, ఎందుకంటే ఆదివారం అక్కడ షాపులు మూసే ఉంటాయి.

ఈ బసలో అసలు పరీక్ష కాగితాలు. అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

అద్దె ఎంత అని అడిగితే రెండు అంకెలు వస్తాయి. ‘కాల్ట్’ అంటే చల్లటి అద్దె, గదికి మాత్రమే. ‘వార్మ్’ అంటే హీటింగ్, నీళ్లు వగైరా కలిపింది. కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉన్నాయో లేదో మళ్లీ అడగాలి. మన జేబు లెక్క వార్మ్‌తోనే వేసుకోవాలి. అడ్వాన్సు మూడు నెలల చల్లటి అద్దెకు మించకూడదని చట్టం. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. ఇది చాలామందికి తెలియదు, ఇంటివాళ్లూ చెప్పరు. టీవీ, రేడియో రుసుము అని నెలకు 18.36 యూరోలు, ఇంటికి ఒక్కటే, ముగ్గురూ పంచుకోవచ్చు. టీవీ లేకపోయినా కట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది చిరునామా నమోదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో నమోదు చేసుకోవాలి. దానికి ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి. నాకు మొదట దొరికిన గది చవగ్గా ఉంది, అందంగా ఉంది. అద్దెకిచ్చినావిడ మాత్రం ఆ పత్రం ఇవ్వనంది. ఆమె కూడా అద్దెకే ఉంటోంది, అసలు యజమానికి చెప్పకుండా నాకు ఇస్తోంది. నమోదు లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ పనులన్నీ నిలిచిపోతాయి. పది రోజులు తిరిగి వేరే గది వెతుక్కున్నాను. గది ఫోటోల కన్నా ముందు ఆ పత్రం ఇస్తారా అని అడగండి. ఫ్లాట్ చూడకుండా, మనిషిని చూడకుండా ఇక్కడి నుంచి అడ్వాన్సు మాత్రం పంపకండి.

భాష? ఫ్లాట్‌మేట్లు మన వయసు వాళ్లు. ఇంగ్లిష్ బాగా వచ్చు, మనం తడబడగానే ఇంగ్లిష్‌లోకి దిగుతారు. దయతోనే చేస్తారు గానీ మన జర్మన్ అక్కడే ఆగిపోతుంది. వంటగదిలో జర్మన్ మాత్రమే అని నేను కాగితం అంటించాల్సి వచ్చింది.

సంస్కృతి మార్పిడి ఇక్కడ కూర్చోబెట్టి జరగదు, దారిన పోతూ జరుగుతుంది. ఫిబ్రవరిలో కార్నివాల్ వచ్చింది. ఆ పండుగలో మొదట వచ్చే గురువారం ఆడవాళ్ల రోజు. ఆఫీసుల్లో ఆడవాళ్లు కత్తెరలు పట్టుకుని మగవాళ్ల టైలు కత్తిరిస్తారు, ఊరంతా వేషాలు. మా ఫ్లాట్‌లో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి గౌను వేసుకుని, పెదాలకు రంగు పూసుకుని బయల్దేరుతూ, నీకు వింతగా ఉందా అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. గంగమ్మ జాతరలో మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, గంగమ్మ గుడికి పోయే ఫోటోలు తీసి చూపించాను. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని వరుసగా చెప్పాను. ఆ వేషాల్లో ఉన్నవాళ్లు ఎవరినైనా బూతులు తిట్టొచ్చని చెప్పగానే అతను కూర్చుండిపోయాడు, ఇంకా చెప్పమని. మే నెలలో తిరుపతిలో జాతర చాటింపు వేశాక ఊరి పొలిమేర దాటకూడదంటారు. ఆ ఏడాది నేను దేశమే దాటి ఉన్నాను. చాటింపు రాత్రి వీడియో కాల్‌లో డప్పులు వింటుంటే అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

సత్రం: సంస్థ ఇచ్చే క్వార్టర్స్

ఇందులో నేను ఉండలేదు. చిత్తూరు నుంచి నాతో పాటు వెళ్లిన స్నేహితురాలు దివ్యాంగుల ఆశ్రమం ఆవరణలోనే ఉంది. గదికి అద్దె లేదు, మూడు పూటలా క్యాంటీన్, మంచం దిగితే డ్యూటీ. చిరునామా పత్రం సంస్థే ఇచ్చింది, నాలుగు రోజుల్లో పని అయిపోయింది. నేను గది వెతుకుతూ తిరిగిన పది రోజుల్లో ఆమె ఒక్క రూపాయి ఖర్చు చేయలేదు.

కానీ ఆవరణ ఊరికి దూరం. పక్క గదుల్లో వేరే దేశాల వాలంటీర్లే, వాళ్ల ఉమ్మడి భాష ఇంగ్లిష్. ఏడాది చివర్లో ఆమె జర్మన్ ఎక్కడ మొదలైందో దాదాపు అక్కడే ఉంది. పని నుంచి బయటపడే వీలూ తక్కువే. ఎవరైనా సెలవు పెడితే మొదట తట్టేది అక్కడ ఉంటున్నవాళ్ల తలుపే. ఆమె దాన్ని కష్టంగా చెప్పదు. ‘నాకు జనం చుట్టూ ఉంటే చాలు’ అంటుంది. ఆమెకు సరిపోయింది, నాకైతే ఊపిరాడేది కాదు.

ఇదే కోవలో రెండు మూడు వారాల వర్క్ క్యాంపులు ఉన్నాయి. వీటి మూలం 1920లో ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర, మొదటి ప్రపంచ యుద్ధంలో కూలిన ఒక ఊరిని తిరిగి కట్టిన పని. దాన్ని నడిపిన స్విట్జర్లాండ్ మనిషి పియెర్ సెరెసోల్, 1934 భూకంపం తర్వాత మన బిహార్‌కు కూడా వచ్చాడు. ఏడాది వెళ్లే ధైర్యం లేనివాళ్లకు ఇది మంచి రుచి. పొలంలో పనిచేస్తే తిండి, మంచం ఇస్తామనే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. టూరిస్టు వీసా మీద అలాంటి వాటికి వెళ్లకండి. డబ్బు చేతులు మారకపోయినా చాలా దేశాలు దాన్ని పనిగానే చూస్తాయి.

| చూడాల్సింది | చుట్టాలిల్లు | రూమ్ | సత్రం |
|---|---|---|---|
| రాత్రి బల్ల దగ్గర | ఇంటివాళ్లు, రోజూ | ఎవరుంటే వాళ్లు, లేదంటే ఒంటరిగా | తోటి వాలంటీర్లు |
| జర్మన్ | బాగా వస్తుంది, ‘నువ్వు’ భాష | పట్టుబడితేనే | ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది |
| మన వంట | అడిగి, వారానికోసారి | మన ఇష్టం | క్యాంటీన్ ఏది పెడితే అది |
| కాగితాల తలనొప్పి | తక్కువ | ఎక్కువ | దాదాపు లేదు |
| పొద్దుటి ఆరు షిఫ్టు | ఇంటి దూరాన్ని బట్టి | బస్సు టైమ్ చూసుకోవాలి | నడిచి వెళ్లొచ్చు |
| మూసుకునే తలుపు | ఉంటుంది, పగలంతా మూస్తే బాగోదు | ఉంది | ఉంది, కానీ డ్యూటీ కోసం తడతారు |

రైలు, బస్సు పాస్ లెక్క కూడా వేసుకోండి. దేశమంతా లోకల్ బస్సులు, మామూలు రైళ్లు ఎక్కే నెలవారీ టికెట్ 2023 మేలో 49 యూరోలకు మొదలై, 2025లో 58కి, 2026 జనవరి నుంచి 63కి చేరింది. కొన్ని సంస్థలు ఇందులో కొంత భరిస్తాయి, అడిగితేనే చెప్తాయి. చుట్టాలిల్లు, రూమ్ ఎంచుకున్నవాళ్లకు ఇది దాదాపు తప్పని ఖర్చు.

ఎవరికి ఏది

నర్సింగ్ చదివి, ఈ ఏడాది అయ్యాక అక్కడే శిక్షణలో చేరాలనుకునేవాళ్లు కుటుంబాన్నే ఎంచుకోవాలి. వాలంటీర్‌గా వెళ్లడానికి సంస్థలు సాధారణంగా జర్మన్‌లో ఏ2 నుంచి బీ1 స్థాయి అడుగుతాయి, అంటే రోజువారీ మాటలకు సరిపడేంత. తర్వాతి మెట్టుకు అది చాలదు. జర్మన్ నేర్పే చెన్నై మాక్స్ ముల్లర్ భవన్‌లో నేర్చుకున్నది పునాది మాత్రమే, గోడలు లేచేది బల్ల దగ్గర.

కోడిగుడ్డు కూడా తాకని ఇళ్ల నుంచి వెళ్లేవాళ్లకు రూమ్ మంచిది. శాకాహారం అక్కడ ఇప్పుడు వింతేమీ కాదు, కుటుంబాలూ గౌరవిస్తాయి. కానీ మాంసం కోసిన పలక మీదే మన దోసకాయ కోస్తే కడుపులో తిప్పేవాళ్లు రోజూ ఆ ఇబ్బందిని మొహం మీద దాచుకోలేరు. దాచుకోనక్కర్లేదు కూడా.

పొదుపు ముఖ్యమైతే, లేదా ఇంటి నుంచి బయటికి రావడం ఇదే మొదటిసారైతే సత్రం. కాకపోతే ఊళ్లో వారానికి ఒకసారైనా కలిసే పాటల బృందంలోనో ఫుట్‌బాల్ క్లబ్‌లోనో చేరాలన్నది షరతు.

అమ్మానాన్నలు సాధారణంగా ‘కుటుంబమైతే భద్రం’ అంటారు. నేను అంత గట్టిగా చెప్పను. తెలియని ఇల్లు ఎక్కడైనా తెలియని ఇల్లే. భద్రత ఇచ్చేది, నచ్చకపోతే వారంలో బస మార్చే ఏర్పాటు సంస్థకు ఉందా, మనకోసం ప్రత్యేకంగా ఒక మనిషి ఉన్నారా అన్న రెండు విషయాలు. ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు బయల్దేరే ముందే తీసుకోండి. అమ్మ డైరీలో కూడా రాసివ్వండి. మా అమ్మ ఆ నంబరుకు ఒక్కసారీ ఫోన్ చేయలేదు, కానీ ఫ్రిజ్ మీద ఏడాదంతా అంటించి ఉంచింది.

నన్ను మళ్లీ పంపితే మొదటి మూడు నెలలు చుట్టాలిల్లు, తర్వాత రూమ్. నాకు అనుకోకుండా జరిగిన వరుసే, కానీ ఈసారి అడిగి చేయించుకుంటాను. మొదటే రూమ్‌లో దిగితే కాగితాలు, భాష, ఒంటరితనం మూడూ ఒకేసారి మీద పడతాయి. ఏడాదంతా చుట్టాలింట్లోనే ఉంటే చివరికి చుట్టరికం రెండు వైపులా బరువవుతుంది.

బస ఏదైనా బాత్రూమ్‌లో చెంబు ఉండదు, కాగితమే. నేను తోట సామాన్ల షాపులో మొక్కలకు నీళ్లు పోసే చిన్న పచ్చ డబ్బా కొనుక్కున్నాను. హోస్ట్ ఇంట్లో పాప దాన్ని చూసి, నీ గదిలో మొక్కలు లేవు కదా అని అడిగింది. వాళ్లమ్మ పాప భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. మర్నాడు నా గది కిటికీలో ఒక చిన్న తులిప్ కుండీ ఉంది.

దరఖాస్తులో ‘ప్రత్యేక అవసరాలు’ అని ఒక గడి ఉంటుంది. చాలామంది ‘ఏమీ లేవు’ అని రాస్తారు, నేనూ అదే రాశాను. మీరు మాత్రం ‘వారానికి రెండు రాత్రులు వేడి అన్నం వండుకోవాలి, తాలింపు పొగ వస్తుంది’ అని రాయండి. చదివినవాళ్లు నవ్వుకుంటారు, వంటగది కిటికీ పెద్దగా ఉన్న ఇల్లు వెతుకుతారు.